పీచుమిఠాయిని రెండేళ్లు దాచగలమా?

గత సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు నాన్న మంచం పక్కన బల్ల మీద ఒక కొత్త మందుల పెట్టె కనిపించింది. వారానికి ఏడు గళ్ళు, ఒక్కో గడిలో ఉదయానికో అర, రాత్రికో అర. అమెరికాలో ఉన్న అక్క పంపింది. ప్రతి ఆదివారం సాయంత్రం నాన్న కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని, వారానికి సరిపడా మాత్రలన్నీ స్ట్రిప్పుల్లోంచి ఒలిచి ఆ గళ్ళలో సర్దుకుంటున్నారు. బీపీ మాత్ర, కొలెస్టరాల్ మాత్ర, వాటి పక్కనే రెండు పూటలకూ ఒక్కో దబిగాట్రాన్ క్యాప్సూల్. మూడేళ్ల కిందట ఆయనకు గుండె లయ తప్పింది. గుండెలో రక్తం గడ్డకట్టి ఆ గడ్డ మెదడుకు చేరకుండా కాపలా కాస్తున్నది ఆ క్యాప్సూలే.

"ఇవి స్ట్రిప్పులోనే ఉండాలి కదా నాన్నా, ఎందుకు తీశారు?" అన్నాను.

"ఇలా పెట్టుకుంటే మర్చిపోనమ్మా. ఏ పూట వేసుకున్నానో ఏ పూట మానేశానో పెట్టె చూస్తే తెలిసిపోతుంది" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఎనభై ఏళ్ల మనిషి తన మందులను తానే ఇంత శ్రద్ధగా చూసుకోవడం నాకు సంతోషమే. కానీ ఆ క్యాప్సూల్ గురించి నాకు తెలిసినది ఆయనకు ఎవరూ చెప్పలేదు. డాక్టరు చెప్పలేదు, మందుల షాపు అబ్బాయి చెప్పలేదు. స్ట్రిప్పు మీద చీమ తలంత అక్షరాల్లో ఉన్నది ఆయన కళ్ళకు ఆనదు.

దబిగాట్రాన్ కరగాలంటే పులుపు కావాలి. కడుపులో ఆమ్లం బాగా ఉంటే కరుగుతుంది, ఆమ్లం తగ్గితే దాదాపు కరగనని మొండికేస్తుంది. వయసు మళ్ళినవాళ్ళలో, గ్యాస్ మాత్రలు వేసుకునేవాళ్ళలో ఆ ఆమ్లం తక్కువ. ఈ మందు అవసరమయ్యేది ఎక్కువగా వాళ్ళకే. అందుకని దీన్ని రూపొందించినవాళ్ళు ఒక ఉపాయం చేశారు. టార్టారిక్ ఆమ్లంతో సన్నని గుండ్రని గింజలు చేసి, వాటి మీద ఒక అడ్డుపొర వేసి, ఆ పైన మందును పూతగా పూశారు. టార్టారిక్ ఆమ్లం అంటే మన చింతపండులోని పులుపే. అంటే ప్రతి గింజా తనకు కావలసిన పులుపును తనతోనే కడుపులోకి మోసుకుపోతుంది. ఈ పనితనాన్ని మొదటిసారి చదివినప్పుడు లేచి నిలబడి నమస్కరించాలనిపించింది.

అయితే ఆ అణువుకు తేమ పడదు. నీరు తగిలితే మెల్లగా విరిగిపోతుంది. అందుకే సీసాలోనో, అల్యూమినియం రేకు స్ట్రిప్పులోనో భద్రంగా ఉంచి అమ్ముతారు. మింగే క్షణం దాకా అందులోంచి బయటకు తీయవద్దంటారు. కృష్ణా కాలువల మధ్య ఉన్న ఊళ్ళో, కిటికీ పక్కన, మూత వదులుగా పడే ప్లాస్టిక్ పెట్టెలో వారం రోజులు ఉన్న క్యాప్సూల్‌లో మందు ఎంత మిగిలి ఉంటుందో ఎవరూ కొలిచి చూడరు. నాన్న రోజూ తప్పకుండా వేసుకుంటున్నారు. వేసుకుంటున్నదాంట్లో రాసినంత బలం ఉందో లేదో మాత్రం తెలియదు.

పదహారేళ్లుగా నేను హైదరాబాదులో చేస్తున్న పని ఇదే. నీటిలో కరగని మందులను కరిగే రూపంలోకి తేవడం. ఇన్నేళ్ల తర్వాత నాకు బలంగా అనిపించేది ఒక్కటే. కరిగించడాన్ని మేము విజయంగా లెక్కగడుతున్నాం, కరిగే రూపాన్ని రోగి ఇంట్లో చివరి మాత్ర దాకా నిలపడాన్ని తర్వాత చూసుకునే పనిగా పక్కన పెడుతున్నాం. ఇది తప్పు. ఈ రెండూ వేరు వేరు పనులు కావు. మందును కరిగేలా చేసిన గుణమే చాలాసార్లు దాన్ని చెడగొడుతుంది.

ఇది అర్థం కావడానికి తిరునాళ్ళకు వెళ్తే చాలు. పటికబెల్లం ముక్కను బుగ్గన పెట్టుకుంటే ఎంతసేపటికీ కరగదు. పీచుమిఠాయి నాలుక మీద పెట్టీ పెట్టగానే మాయమవుతుంది. రెండూ చక్కెరే, అణువులో రవ్వంత తేడా లేదు. పటికబెల్లంలో అణువులు వరుస తప్పకుండా ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. ఆ పట్టు విడిపిస్తేనే నీళ్ళలోకి వస్తాయి. పీచుమిఠాయిలో, వేడికి కరిగిన చక్కెర గిర్రున తిరిగే గిన్నెలోంచి సన్నని పోగులుగా బయటపడి, వరుస కట్టేలోపే చల్లారిపోతుంది. వరుస లేదు కాబట్టి పట్టు లేదు, పట్టు లేదు కాబట్టి వెంటనే కరుగుతుంది. దీన్నే మేము అస్ఫటిక రూపం అంటాం. పటికబెల్లంలా వరుస కట్టినది స్ఫటిక రూపం. గాజు కూడా ఇలాంటిదే.

మరి పీచుమిఠాయిని సంచిలో కట్టకుండా ఉక్కపోతలో ఓ గంట వదిలేయండి. కుంగిపోయి, జిగురై, గట్టి ముద్దగా మారుతుంది. అణువులకు కాస్త కదిలే వీలు దొరికిందంటే మళ్ళీ వరుస కడతాయి, ఎందుకంటే వాటికి సుఖమైన స్థితి అదే. ఆ వీలు కల్పించేవి వేడి, తేమ.

మా ఫ్యాక్టరీల్లో కూడా జరిగేది పీచుమిఠాయి పనే. మందునూ ఒక పాలిమర్‌నూ కలిపి ద్రావకంలో కరిగించి వేడిగాలిలోకి తుంపరగా చిమ్మి ఆరబెడతాం, లేదా రెండింటినీ వేడి మరలో కరిగించి, నూరి, కడ్డీలా బయటకు తోస్తాం. పాలిమర్ పొడవాటి గొలుసులు మందు అణువుల మధ్యకు చేరి వాటిని వరుస కట్టనివ్వవు. గులాబ్‌జామ్ పాకంలో అమ్మ నాలుగు చుక్కల నిమ్మరసం పిండేది గుర్తుందా? ఆ పులుపు కొంత చక్కెరను వేరే చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. అవి మధ్యలో అడ్డుపడి పాకాన్ని గడ్డకట్టనివ్వవు. దారి వేరైనా ఫలితం అలాంటిదే. కానీ అడ్డు శాశ్వతం కాదు. ప్రతి గాజు రూపానికీ ఒక ఉష్ణోగ్రత హద్దు ఉంటుంది. దాని కింద అణువులు బిగుసుకుని ఉంటాయి, దాన్ని దాటితే కదలడం మొదలుపెడతాయి. నిల్వచేసే చోటి వేడి ఆ హద్దుకు 50 డిగ్రీలు కిందనే ఉండాలన్నది మా రంగంలో పాత లెక్క. తేమ లోపలికి చేరినకొద్దీ ఆ హద్దు కిందికి దిగుతూ ఉంటుంది. మే నెలలో తలుపులు మూసిన మందుల గదిలో ఈ రెండూ ఎంత దగ్గరగా వస్తాయో ఊహించుకోండి.

ఇంత గండం ఉన్న పనికి ఎందుకు పూనుకోవాలి అంటే, కరగకపోతే అసలు మందే లేదు కాబట్టి. వెమురాఫెనిబ్ అనే మందు సంగతి చెబుతాను. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఒక ప్రత్యేకమైన జన్యుమార్పును గురిపెట్టి తయారైన అణువు అది. మొదటి ప్రయోగాల్లో స్ఫటిక రూపంలోనే ఇచ్చారు. రోజుకు 1600 మిల్లీగ్రాముల దాకా పెంచినా కణితులు తగ్గలేదు. మందు ఒంట్లోకి చేరితే కదా! అక్కడితో వదిలేసి ఉంటే, పనికిరాని అణువుల పట్టీలో అదీ ఒకటిగా మిగిలిపోయేది. ప్రయోగాన్ని ఆపి, మందును పాలిమర్‌తో కలిపి అస్ఫటిక రూపంలో తిరిగి తయారుచేశారు. 2010లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆ జన్యుమార్పు ఉన్న 32 మందిలో 26 మందికి కణితులు గణనీయంగా కుంచించుకుపోయాయి. 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది. అణువు అదే, రోగమూ అదే, మారింది రూపం ఒక్కటే. మందును కనిపెట్టినవాళ్ళతో సమానంగా ఆ రూపాన్ని సాధించినవాళ్ళనూ తలుచుకోవాలంటాను.

ఇక రెండో సగం, నిలపడం. దీనికి రిటోనవిర్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. హెచ్‌ఐవీ మందుల చరిత్రలో 1996 పెద్ద మలుపు. ఆ ఏడాది వచ్చిన కొత్త మందుల్లో అబ్బాట్ కంపెనీ రిటోనవిర్ ఒకటి. నీళ్ళలో కరగదు, పొడిగా మింగితే ఒంటికి పట్టదు. అందుకని ఆల్కహాల్ కలిసిన ద్రావణంగా మార్చి క్యాప్సూల్‌లో నింపారు. ఎలాగూ కరిగే ఉంది కదా అని స్ఫటిక రూపం గురించి ఎవరూ దిగులు పడలేదు. 240 బ్యాచ్‌ల దాకా చీకూ చింతా లేకుండా తయారయ్యాయి.

1998లో హఠాత్తుగా క్యాప్సూళ్ళు కరిగే పరీక్షలో తప్పడం మొదలైంది. విప్పి చూస్తే లోపల సూదుల్లాంటి స్ఫటికాలు. అప్పటిదాకా ప్రపంచంలో ఎవరూ చూడని రెండో స్ఫటిక రూపం అది. మొదటి రూపం కంటే బిగువైనది, చాలా తక్కువగా కరిగేది. మొదటి రూపం లెక్కన ఆ ద్రావణంలో మందు ఎక్కువేమీ కాదు. రెండో రూపం లెక్కన చూస్తే పట్టాల్సినదాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఒక్క విత్తనం పడితే చాలు, అంతా అటే తిరుగుతుంది. ఆ రూపం సోకిన చోట పాత రూపాన్ని మళ్ళీ తయారుచేయడం కష్టమైపోయింది. దాంతో పనిచేసిన బృందం ఇటలీలోని ఫ్యాక్టరీకి వెళ్ళి వచ్చాక అక్కడా అదే కనిపించింది. కంటికి కనిపించని రేణువు బట్టల మీద వెళ్ళినా సరిపోతుంది.

క్యాప్సూళ్ళను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ప్రాణాలు ఆ మందు మీదే నిలబెట్టుకున్నవాళ్ళు నోట పెట్టలేనంత చేదైన ద్రవరూపాన్ని తాగవలసి వచ్చింది. అందులో 43 శాతం ఆల్కహాల్. తర్వాతి ఏడాది కొత్త మెత్తని క్యాప్సూల్ వచ్చింది కానీ దాన్ని ఫ్రిజ్‌లో ఉంచాలి. 2000లో లోపినవిర్ అనే ఇంకో హెచ్‌ఐవీ మందుతో జోడించి తెచ్చిన కలెట్రా క్యాప్సూల్‌దీ అదే తీరు. ఆఫ్రికాలో కరెంటు లేని పల్లెలో ఉన్న తల్లికి ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందు చేతికి అందినా అందనట్టే.

2005లో అదే జంట మందు వేడి మరలో పాలిమర్‌తో కలిసి గట్టి మాత్రగా వచ్చింది. ఫ్రిజ్ అక్కరలేదు. రోజుకు ఆరు క్యాప్సూళ్ళ బదులు నాలుగు మాత్రలు. దాన్ని పేద దేశాలకూ త్వరగా అందించాలని ఎంఎస్ఎఫ్ (సరిహద్దులు లేని వైద్యులు అనే అంతర్జాతీయ సేవాసంస్థ) వైద్యులు పట్టుబట్టారు. ఆ తర్వాత హైదరాబాదు కంపెనీలు దాని జెనరిక్ మాత్రలు చేసి ఆఫ్రికాకు పంపాయి. ఈ కథలో అందరూ 1998 నాటి విపత్తునే చెప్పుకుంటారు. నాకు మాత్రం 2005 నాటి మాత్రే ముఖ్యం. కరగడం, నిలవడం రెండూ ఒకే మాత్రలో కుదిరినప్పుడే ఆ మందు ఊరూరికీ వెళ్ళగలిగింది.

నా సొంత అనుభవం చెప్పకుండా ఈ వాదన చేస్తే సగమే చెప్పినట్టు. పదకొండేళ్ల కిందట నేను పనిచేసిన ఒక చోట, క్యాన్సర్ కోసం తయారైన ఒక అణువు మా బృందం చేతికి వచ్చింది. ఇలాంటివాటిని మా రంగంలో ఇటుకపొడి అంటాం. నీళ్ళలో వేసి రోజంతా కలిపినా అలాగే ఉంటుంది. నాలుగు నెలలు కష్టపడి తుంపర పద్ధతిలో అస్ఫటిక రూపం సాధించాం. కరిగే పరీక్షలో పాత పొడి గీత కింద నేలకు అంటుకుని ఉంటే, మా గీత కొండెక్కినట్టు పైకి లేచింది. ఆ బొమ్మను సమావేశంలో తెర మీద చూపించినప్పుడు గది అంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఇది ఎన్నాళ్లు ఉంటుందని ఆ రోజు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ మౌనం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

కొన్ని నమూనాలను 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గదిలో పెట్టాం. ఆరు నెలల పాటు ఇలా ఉంచి చూడడం అన్ని మందులకూ ఉన్న నియమమే. అస్ఫటిక రూపానికి ఎక్స్-రే తీస్తే గీత ఏనుగు వీపులా నున్నగా వంగి ఉంటుంది. మూడో నెల నమూనాలో ఆ వీపు మీద ఒక చిన్న ముల్లు లేచింది. అణువులు మళ్ళీ వరుస కడుతున్నాయని చూడగానే గుర్తుపట్టాను. పైఅధికారికి చూపిస్తే, పరికరం పొరపాటై ఉంటుంది, మళ్ళీ తీయమన్నారు. మళ్ళీ తీశాను, ముల్లు అక్కడే ఉంది. అప్పటికే రోగులకిచ్చే బ్యాచ్ తయారీకి తేదీలు ఖాయమయ్యాయి. ఆరో నెలకు ముళ్ళు మూడయ్యాయి, కరిగే గీత సగానికి పడిపోయింది. చల్లని దేశాల్లో మాత్రమే ప్రయోగాలు చేద్దాం, ఫ్రిజ్‌లో పంపుదాం అన్న మాటలు నడిచాయి. చివరకు ఆ పనే మూతబడింది. ఆ అణువు మంచిదో కాదో ఎవరికీ తెలియకుండానే పోయింది. నాకు కోపం వచ్చింది నష్టానికి కాదు. తొలి వారంలోనే ఆ పొడిని తేమలో పెట్టి చూసి ఉంటే వేరే పాలిమరో, లవణమో, వేరే దారో వెతికే సమయం మాకు ఉండేది.

అసలు ఇటుకపొళ్ళు ఇంత ఎక్కువగా ఎందుకు పుడుతున్నాయి? 1990ల నుంచి కొత్త మందుల వేటలో వేలకొద్దీ అణువులను యంత్రాలతో ఒకేసారి పరీక్షించడం మొదలైంది. అన్నిటినీ డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావకంలో కరిగిస్తారు. అందులో కరగనిది అరుదు. దాంతో నీటికి పడని అణువులకూ మంచి మార్కులు పడ్డాయి. ఫైజర్‌లో పనిచేసిన క్రిస్టఫర్ లిపిన్‌స్కీ 1997లో ప్రచురించిన, నోటితో మింగే మందు అణువు ఎలా ఉంటే ఒంటికి పడుతుందో చెప్పే ప్రసిద్ధ నియమాలు ఈ ధోరణిని గమనించి చేసిన హెచ్చరికే. ఆ నియమాలను అందరూ బట్టీపట్టారు. వాటి వెనుక ఉన్న అసలు దిగులు నీటిలో కరగడం గురించేనన్నది చాలామంది మర్చిపోయారు. అణువును గీసేవాళ్ళు గీసి గోడ ఇవతలికి విసిరేస్తే, దాన్ని కరిగించడం, నిలపడం మా నెత్తిన పడుతుంది. గోడకు రెండువైపులా ఉన్నవాళ్ళు మొదటి రోజు నుంచీ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

కరగడం ఒక్కటే చాలదని చెప్పడానికి మన వంటింటి పసుపు కూడా సాక్ష్యమే. నిజామాబాదు పసుపైనా దుగ్గిరాల పసుపైనా అందులో రంగునిచ్చేది కర్కుమిన్. నీటిలో దాదాపు కరగదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అశ్వినీ నంగియా బృందం 2011లో కర్కుమిన్‌ను వేరే చిన్న అణువులతో కలిపి సహస్ఫటికాలుగా చేసి, మామూలు కర్కుమిన్ కంటే ఎంతో వేగంగా కరిగేలా చూపించింది. చక్కటి శాస్త్రం అది. కానీ కర్కుమిన్‌కు రెండో జబ్బు ఉంది. కరిగాక నిలవదు. ఒంటి వేడిలో, మన రక్తానికి దగ్గరగా ఉండే క్షార గుణంలో, ప్రొటీన్ల తోడు లేని ద్రావణంలో ఉంచితే అరగంటలో తొంభై శాతం దాకా విరిగిపోతుంది. మిరియాలతో కలిపి తింటే రక్తంలోకి ఎక్కువ చేరుతుందన్న మాటకు ఆధారం ఉంది. అయితే మిరియం దాన్ని కరిగించదు, ఒంట్లో అది త్వరగా మారిపోకుండా అడ్డుపడుతుంది. ఎన్నో రెట్లు బాగా కరుగుతుందని అమ్మే పసుపు క్యాప్సూళ్ళ ప్రకటనలు చూసినప్పుడల్లా నేను అడిగేది, కరిగాక ఏమవుతుందని. పసుపును కూరలో వేసుకోండి. జబ్బుకు మందుగా నమ్మి డబ్బు పోయకండి.

ఇంతసేపూ రూపం గొప్పతనం చెప్పాను కాబట్టి, ఒక ఇబ్బందికరమైన ప్రశ్నకు జవాబు చెప్పాలి. రూపం అంత ముఖ్యమైతే దానికి కొత్త పేటెంట్ ఇవ్వాలా? ఈ ప్రశ్న మన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రక్త క్యాన్సర్ మందు ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటిక రూపానికి నోవార్టిస్ పేటెంట్ అడిగింది. హైదరాబాదుకు చెందిన నాట్కో సహా పలువురు వ్యతిరేకించారు. ఆ రూపం సాఫీగా జారుతుంది, తేమను తక్కువగా పీలుస్తుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది అన్నది కంపెనీ వాదనలో భాగం. 2013 ఏప్రిల్ 1న కోర్టు ఒప్పుకోలేదు. ఈ గుణాలు తయారీకి, నిల్వకు మేలు చేయవచ్చు గానీ, రోగం మీద మందు ప్రభావాన్ని పెంచినట్టు కాదని, పేటెంట్ చట్టం సెక్షన్ 3(డి) ప్రకారం అది చాలదని చెప్పింది. నెలకు లక్ష రూపాయలు దాటే మందు పది వేల స్థాయిలో దొరకడానికి దారి అలాగే నిలిచింది. నాలాంటి పని చేసేవాళ్ళలో కొందరు ఆ తీర్పుకు నొచ్చుకున్నారు. నేను నొచ్చుకోలేదు, అది సరైన తీర్పే. ఒక మందును ఇంకో ఇరవై ఏళ్లు ఒకరి గుప్పిట్లో పెట్టేంత హక్కు మా పనికి అక్కరలేదు.

కానీ ఆ తీర్పు నుంచి మన పరిశ్రమలో కొందరు నేర్చుకున్న పాఠం తప్పు. రూపానికి పేటెంట్ లేదంటే రూపానికి విలువ లేదని కాదు. తామరకు మన దేశంలో విపరీతంగా రాస్తున్న ఇట్రాకొనజోల్‌నే చూడండి. దాన్ని మొదట తెచ్చిన కంపెనీ క్యాప్సూల్‌లో ఉండేది చక్కెర గింజల మీద పాలిమర్‌తో కలిపి పూసిన పలుచటి అస్ఫటిక పొర. పూత మందం, గింజ పరిమాణం, గింజల సంఖ్య మారితే ఒంటికి పట్టే మోతాదు మారుతుంది. పెట్టె మీద మిల్లీగ్రాముల అంకె అన్నిటికీ ఒకటే, లోపలి గింజలు అన్నిటిలో ఒకేలా ఉండవని చర్మవైద్యులు ఎప్పటినుంచో గోల పెడుతున్నారు. (ఆ క్యాప్సూల్‌ను భోజనం చేసిన వెంటనే వేసుకోవాలి, గ్యాస్ మాత్రతో కలిపి వేసుకోకూడదు. ఈ సంగతి తెలియకే ఎందరో తామర తగ్గడం లేదని మోతాదు పెంచుకుంటూ పోతున్నారు.)

నేను కోరేది పెద్ద సంస్కరణేమీ కాదు. ప్రభుత్వ ఆసుపత్రులకు టెండర్లలో మందులు కొనేటప్పుడు, కరగడం కష్టమైన మందుల విషయంలోనైనా, ఫ్యాక్టరీ గేటు దగ్గర తీసిన నమూనాతో సరిపెట్టుకోకూడదు. గడువు ముగియడానికి మూడు నెలల ముందు ఏ ఆదిలాబాదు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ఏ కాకినాడ గోదాములోనో ఉన్న స్ట్రిప్పు తెచ్చి దాన్ని కరిగించి చూడాలి. ఎంత మందు మిగిలిందని కొలవడంతో ఆగకూడదు, ఎంత కరుగుతోందో కూడా కొలవాలి. స్ఫటికంగా మారిపోయిన మాత్రలో మందు నూటికి నూరు శాతం అలాగే ఉంటుంది, కాగితం మీద పాసవుతుంది. రోగి ఒంట్లోకి మాత్రం చేరదు. ఐరోపా, అమెరికాలకు సరిపోయే 25 డిగ్రీలు, 60 శాతం తేమ లెక్కలతో మన గోదాములను అంచనా వేయడం కుదరదు.

తెనాలిలో ఆ సాయంత్రం నాన్న పక్కన కూర్చుని పెట్టెలోని దబిగాట్రాన్ క్యాప్సూళ్ళు అన్నీ తీసేశాను. కొత్త స్ట్రిప్పు తెప్పించి, రేకు ఎక్కడా చిరగకుండా కత్తెరతో ఒక్కో క్యాప్సూల్ గూడునూ విడదీసి, రేకుతో సహా గళ్ళలో పెట్టాం. నాన్న ఒక ముక్కను వెలుతురుకు ఎత్తి చూసి, "దీన్ని వేసుకునేటప్పుడే చింపాలి, అంతేగా?" అన్నారు. అవునన్నాను. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోనులో ముందు ఆ కత్తెర సంగతే చెబుతారు. మొన్న పక్కింటి మాస్టారికి కూడా అలాగే కత్తిరించి ఇచ్చానన్నారు.